నాణేల ధరల పుస్తకం ఎన్నాళ్లకోసారి మార్చాలి? అపోహలు – వాస్తవాలు

నెల్లూరు తీరంలో పాత నాణేలకు కొదవ లేదు. కోట ఊరికి దగ్గర్లోని దుగరాజపట్నంలో ఇంగ్లీషు కంపెనీ 1626లోనే, అంటే మద్రాసు పుట్టకముందే, వర్తక స్థావరం పెట్టింది. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు కోట కట్టుకుని సొంతంగా నాణేలు కొట్టించారు. 1801లో నెల్లూరు సీమ ఆర్కాటు నవాబు చేతిలోంచి కంపెనీకి పోయాక మద్రాసు నాణేలు ఇక్కడి సంతల్లో తిరిగాయి. అందుకే కోట, వాకాడు, గూడూరు పల్లెల్లో పాత ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున ఓ గుడ్డమూట దొరకడం ఇప్పటికీ వింత కాదు. నాలుగు విక్టోరియా రూపాయిలు, రెండు చిల్లుకానులు, పచ్చబడిపోయిన రాగి బిళ్లలు కొన్ని అందులో ఉంటాయి.

ఆ మూటతో నాణేల సేకరణలోకి దిగినవాళ్లు మొదట కొనేది ధరల పుస్తకం. రెండేళ్లు తిరిగేసరికి సందేహం మొదలవుతుంది: పుస్తకం పాతబడింది కదా, కొత్త ఎడిషన్ కొనాలా? ఈ ప్రశ్న చుట్టూ అపోహలు చాలా అల్లుకున్నాయి. వాటిని నమ్మి కొందరు ఏటా వేల రూపాయలు పుస్తకాలకే పోస్తున్నారు. ఇంకొందరు పాతికేళ్ల నాటి ధర పట్టుకుని తాతల నాటి వెండిని సగానికి సగం తగ్గించి అమ్ముకుంటున్నారు. ఆ రెండోది చూస్తే మాత్రం కడుపు తరుక్కుపోతుంది.

అపోహ: ధరల పుస్తకాన్ని ఏటా మార్చాల్సిందే. పాత ఎడిషన్ ఎందుకూ పనికిరాదు.

వాస్తవం: ఆ పుస్తకంలో రెండు రకాల సమాచారం ఉంటుంది. ఒకటి నాణేన్ని గుర్తుపట్టడానికి: ఏ రాజుది, ఏ టంకశాలది, ఏ లోహం, ఎంత బరువు, ఏ ఏడాది ఎన్ని కొట్టారు. రెండోది ధర. మొదటిదానికి కాలదోషం లేదు. సంవత్సరం అంకెల కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాల, చుక్క ఉంటే నోయిడా, వజ్రం గుర్తు ఉంటే ముంబయి, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ఇరవై ఏళ్ల నాటి పుస్తకమైనా, నిన్న అచ్చయిందైనా చెప్పేది ఇదే. 1903లో సైఫాబాద్‌లో నిజాం ప్రభుత్వం కట్టిన టంకశాల 1997లో చర్లపల్లికి మారినా నక్షత్రం మారలేదు.

ధర అలా కాదు. కోట చుట్టుపక్కల రొయ్యల గుంటలు ఉన్నవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కిలోకు వంద తూగే వంద కౌంటుకు ఎంత, ముప్పై కౌంటుకు ఎంత అన్నది ఏ రోజుకారోజు తేలుతుంది. పోయిన నెల రేటు పట్టుకుని ఈ రోజు ఎవరూ బేరానికి కూర్చోరు. అచ్చు పుస్తకంలోని ధర కూడా ఒకానొక రోజు రేటే. పైగా ధరలు పోగుచేసి, పేజీలు కట్టి, అచ్చు వేసి, కొట్టుకు చేర్చేసరికి నెలలు గడిచిపోతాయి. కొత్త ఎడిషన్ అని మురిసిపోతూ కొన్నది కూడా చేతికందే వేళకే కొంత పాతది.

ఇంకో సంగతి. ప్రపంచమంతటా సేకరణదారులు ప్రమాణంగా పెట్టుకున్న 'స్టాండర్డ్ కేటలాగ్ ఆఫ్ వరల్డ్ కాయిన్స్'ను చెస్టర్ క్రాస్, క్లిఫర్డ్ మిష్లర్ 1972లో మొదలుపెట్టారు. దాన్ని ప్రచురిస్తున్న సంస్థ 2019లో దివాలా తీసింది, ఏటేటా వచ్చే ఆ లావుపాటి పుస్తకాల పరంపర దాంతో తెగిపోయింది. ఏటా మార్చాలన్నా మార్చడానికి కొత్తది లేదన్నమాట. అయినా ఆ ఇద్దరి పేర్లమీద వచ్చిన 'కేఎం' నంబర్లతోనే ఈ రోజుకీ అమ్మేవాళ్లు, కొనేవాళ్లు మాట్లాడుకుంటున్నారు. ధరలకు కాలం చెల్లినా నంబర్లకు చెల్లలేదు.

అపోహ: వెండి రూపాయి విలువ తెలియాలంటే కొత్త ధరల పుస్తకం చూడాలి.

వాస్తవం: దీనికి పుస్తకం అక్కర్లేదు. ఆ రోజు దినపత్రికలో కిలో వెండి ధర, ఒక చిన్న త్రాసు, కాస్త లెక్క చాలు.

విక్టోరియా, ఏడో ఎడ్వర్డు, ఐదో జార్జి రూపాయిల బరువు 11.66 గ్రాములు. పాత లెక్కలో సరిగ్గా తులం. అందులో నూటికి 91.7 పాళ్లు వెండి, అంటే 10.69 గ్రాముల శుద్ధమైన వెండి. కిలో వెండి 50,000 రూపాయలుంటే ఆ నాణెంలోని లోహం విలువే 535 రూపాయలు. కిలో లక్ష అయితే 1,069. లక్షన్నర అయితే 1,600 దాటుతుంది. 2020 మొదట్లో 50,000 లోపున్న కిలో వెండి 2025 నాటికి లక్ష దాటి ఇంకా చాలా పైకి పోయింది. ఇక 2015లో అచ్చయిన పుస్తకంలో మామూలు విక్టోరియా రూపాయికి రాసిన ధరను నమ్ముకుంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? నాణెంగా దానికున్న గిరాకీ సంగతి పక్కన పెట్టండి, దాన్ని కరిగిస్తే వచ్చే వెండికి కూడా ఆ ధర చాలదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1940లో ప్రభుత్వం రూపాయిలో వెండిని సగానికి తగ్గించేసింది. బరువు అంతే, వెండి మాత్రం 5.83 గ్రాములే. 1947లో వచ్చిన రూపాయి పూర్తిగా నికెల్. ఆరో జార్జి బొమ్మ ఉన్న నాణెం చేతికొస్తే ముందు సంవత్సరం చూడాలి, తర్వాత అంచు తడమాలి. యుద్ధకాలపు వెండి రూపాయికి అంచు మధ్యలో చిన్న గాడి, అందులో సన్నని నగిషీ కనిపిస్తుంది. నకిలీలను అరికట్టడానికి పెట్టిన ఏర్పాటు అది. ఈ విషయాలన్నీ ఎంత పాత పుస్తకంలోనైనా ఉంటాయి. వెండి ధర ఒక్కటి మాత్రం పేపర్లో చూసుకోవాలి. కొట్టువాడు తరుగు తీస్తాడు, తీయనివ్వండి. కానీ ఎంతలోంచి తీస్తున్నాడో తెలిసి కొట్టు మెట్లెక్కాలి.

అపోహ: నాణెం పాతదైతే ఖరీదు. కొత్త ఎడిషన్‌లో దాని ధర ఎప్పుడూ ముందుకే పోతుంది.

వాస్తవం: ధర వయసునుబట్టి రాదు. ఎన్ని మిగిలాయి, ఎంతమంది కోరుతున్నారు అన్న రెండింటినిబట్టి వస్తుంది. రెండు వేల ఏళ్ల నాటి శాతవాహనుల సీసపు నాణేల్లో అరిగిపోయిన మామూలు రకాలు కొన్ని ఈ రోజుకీ తక్కువ ధరకే దొరుకుతాయి. వందేళ్లు కూడా నిండని 1939 నాటి రూపాయి మాత్రం సేకరణదారుల్ని ఊరిస్తూనే ఉంది.

ఎన్ని కొట్టారన్న అంకెను మాత్రమే చూసి లెక్క కట్టినా పొరపాటే. 1911లో ఐదో జార్జి రూపాయిమీద రాజు అంగీకి ఉన్న ఏనుగు బొమ్మ పంది లాగా కనిపిస్తోందని జనం గగ్గోలు పెట్టారు. ప్రభుత్వం ఆ నాణేల్లో చాలా భాగాన్ని వెనక్కి తీసి కరిగించి, 1912లో బొమ్మ మార్చింది. పుస్తకంలో కనిపించేది కొట్టిన లెక్క. బతికి బయటపడ్డవి ఎన్నో ఆ అంకె చెప్పదు.

ధర ఎలా తలకిందులవుతుందో చూపడానికి మన తీరానికే సంబంధించిన ఉదాహరణ ఒకటుంది. 1808లో మద్రాసు రాజధాని కోసం ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ దగ్గర సోహో టంకశాలలో ఇరవై కాసులు, పది కాసుల రాగి నాణేలు కొట్టారు. ఒకవైపు సింహాలు మోస్తున్న కంపెనీ ముద్ర, మరోవైపు పారశీక లిపి. వాటిని ఎక్కించుకుని మద్రాసుకు బయల్దేరిన 'అడ్మిరల్ గార్డ్‌నర్' ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుకతిన్నెల్లో చిక్కి మునిగిపోయింది. క్షేమంగా చేరి ఉంటే ఆ నాణేల్లో కొన్ని నెల్లూరు సంతలకు కూడా వచ్చేవే. నూట డెబ్భై ఏళ్లకు పైగా అవి సముద్రం అడుగునే ఉన్నాయి. 1980లలో మునకగాళ్లు ఆ ఓడను కనిపెట్టి నాణేల్ని లక్షల్లో పైకి తీశారు. అంతవరకు తళుకు పోని 1808 కాసు దొరకడం అరుదు. ఆ తర్వాత ప్రపంచమంతా అమ్మకానికి వచ్చిపడింది. అంతకుముందు అచ్చయిన ధరల పుస్తకాల్లోని ఆ ఒక్క వరస ఏ తప్పూ లేకుండానే తప్పయిపోయింది.

అలాంటి నాణెం చేతికొస్తే భూతద్దం కింద పెట్టి చూడండి. సముద్రంలో పడి ఉన్నదైతే గీతలు స్పష్టంగా ఉంటాయి కానీ ఒళ్లంతా ఇసుక కొరికినట్టు గరుకుగా, సన్నని గుంటలతో ఉంటుంది. మన ఊళ్లలో చేతులు మారిన నాణెం అయితే సింహాల ముఖాలు అరిగి, రాగి నునుపు తేలి ఉంటుంది. ఆ రెండూ ఒకే ఏడాదివి, ఒకే అచ్చువి. ధర మాత్రం వేరు. ఏ ఎడిషన్ కొన్నా ఈ తేడా మన కన్నే పట్టుకోవాలి.

అపోహ: పుస్తకంలో ఏ ధర ఉందో ఆ ధర చేతిలో పెడతారు.

వాస్తవం: పెట్టరు. పుస్తకాల్లో సాధారణంగా రాసేది వ్యాపారి అమ్మే ధర. వ్యాపారి కొనే ధర దానికంటే తక్కువ. అమెరికా సేకరణదారులకు ఈ తేడా ఎంత ముఖ్యమంటే, ఏటా వచ్చే 'రెడ్ బుక్'లో అమ్మే ధరలుంటే, దాని జోడు పుస్తకం 'బ్లూ బుక్'లో వ్యాపారులు కొనే ధరలు వేరుగా వేస్తారు. మన దగ్గర అలాంటి జోడు పుస్తకం అలవాటు లేదు గనక ఆ తేడాను మనమే మనసులో తీసేసుకోవాలి.

ఇక ధరల పట్టికలో వరసగా నాలుగైదు గడులు ఎందుకుంటాయో చాలామంది పట్టించుకోరు. అరిగిన నాణేనికి ఒక గడి, ఒక మోస్తరుగా ఉన్నదానికి ఇంకోటి, టంకశాలనుంచి వచ్చినట్టే ఉన్నదానికి చివరిది. మనవాళ్ల చూపు నేరుగా చివరి గడిమీద పడుతుంది. చేతిలో ఉన్నదేమో మొదటి గడిది. ఎడిషన్ ఎంత కొత్తదైనా ఈ పొరపాటును సరిదిద్దలేదు.

నెల్లూరు దగ్గర జరిగిన ఒక సంఘటన ఈ విషయాన్ని ఏ పుస్తకం కంటే బాగా చెబుతుంది. 1786 ప్రాంతంలో ఒక రైతు కొండవార దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఓ కుండ, కుండనిండా రోమను బంగారు నాణేలు. ట్రేజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణివి, అంటే క్రీస్తుశకం రెండో శతాబ్దానివి. రైతు వాటిని పాత బంగారం కింద తూకానికి అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా ముప్పై పైచిలుకు నాణేల్ని వెనక్కి రాబట్టగలిగాడు. అప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిలో రెండు ఏరుకుని, 1787లో ఈ కథంతా ఉత్తరంగా రాశాడు. ఆయన చూసినవాటిలో కొన్ని టంకశాలనుంచి అప్పుడే వచ్చినట్టు మెరుస్తున్నాయట. కొన్నిటికి చిల్లులు, అరుగుదల. దండ కడియానికో, మెడకో కట్టుకుని ఉంటారని ఆయన ఊహ. ఒకే కుండ, ఒకే బంగారం. అయినా ఈ రోజు ఏ వేలంలోనైనా చిల్లుపడ్డదానికీ పడనిదానికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత దూరం.

మన ఇళ్లలో కాసులపేరులోంచి తీసిన నాణేలకు, కొక్కెం అతికిన రూపాయిలకు ఇదే వర్తిస్తుంది. అతుకు పడ్డాక చాలావరకు లోహం ధరే. ఇంకొక మాట కాస్త గట్టిగానే చెప్పాలి: రాగి నాణేన్ని చింతపండుతో తోమకండి. ఇత్తడి చెంబుకు అది మంచిదే, నాణేనికి చావు. వందేళ్లపాటు పట్టిన సహజమైన రంగు ఒక్క పూటలో పోతుంది, పట్టికలో నాణెం రెండు గడులు కిందికి జారుతుంది. ఉప్పుగాలి తగిలే మన తీరంలో చేయాల్సింది తోమడం కాదు, నాణేల్ని తడి తగలకుండా పొడిగా దాచడం.

కుండ కథకు చట్టం కూడా ఉంది. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. గుంట తవ్వుతుంటే కుండ బయటపడితే ధరల పుస్తకం తెరవడం కాదు, ముందు కలెక్టరు ఆఫీసుకు కబురు పెట్టాలి. ఆ రైతు కుండ కరిగిపోవడంతో మన తీరానికి, రోముకు మధ్య జరిగిన వర్తకం గురించి ఎంత సాక్ష్యం పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అపోహ: విదేశీ పుస్తకంలో డాలర్లలో ఉన్న ధరను రూపాయల్లోకి మార్చుకుంటే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. ఆ ధర అక్కడి గిరాకీది. మన చిన్న సంస్థానాల నాణేలకు అక్కడ అడిగేవాళ్లు తక్కువ, ఇక్కడ ఎక్కువ. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు పంపి అమ్మిద్దామనే ఆలోచన కూడా వద్దు. నూరేళ్లు దాటిన నాణేలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వాటిని దేశం దాటించకూడదు.

అపోహ: ఫోనులో అన్నీ దొరుకుతున్నాయి, పుస్తకంతో పనేముంది?

వాస్తవం: ఫోనులో కనిపించేవి ఎక్కువగా అడిగే ధరలు. పది లక్షలు అని ఎవరైనా రాసుకోవచ్చు, కొన్నవాడు ఉండాలి కదా. ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలు, వైష్ణోదేవి నాణేనికి లక్షలు, 1985 నాటి రూపాయిమీద 'హెచ్' గుర్తుంటే లక్షలు అన్నవన్నీ ఇలా పుట్టినవే. పుస్తకం తెరిస్తే ఈ నాణేల్ని ఎంత పెద్ద సంఖ్యలో కొట్టారో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేలు కొంటామంటూ ఫీజులు, కమిషన్లు, పన్నులు అడిగేవాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించాల్సి వచ్చిందంటే ఈ మోసం ఎంత ముదిరిందో ఊహించుకోండి.

మన జిల్లాల్లో ఇంకో బెడద 'రైస్ పుల్లింగ్'. 1818 అని చెక్కి, రాముడి పట్టాభిషేకమో హనుమంతుడో ఉన్న రాగి బిళ్ల చూపించి, ఈస్టిండియా కంపెనీ నాణెమని, బియ్యాన్ని లాగుతుందని, కోట్లు పలుకుతుందని చెప్పి ఇల్లు గుల్ల చేస్తారు. కంపెనీ అలాంటి నాణేలు కొట్టించలేదు. కంపెనీ కొట్టిన మద్రాసు, బెంగాల్, బొంబాయి నాణేలన్నిటికీ పాల్ స్టీవెన్స్ ధరలతో సహా 2017లో సమగ్రమైన కేటలాగ్ వేశారు. అలాంటి పుస్తకంలో లేదంటే అది వెలకట్టలేని నిధి అని కాదు, నకిలీ అని అర్థం. ఈ ఒక్క పనికోసమైనా ఇంట్లో ఒక పుస్తకం ఉండాలంటాను.

ఇంతకీ ఎన్నాళ్లకోసారి మార్చాలి?

మీ డబ్బాలో ఏముందో దాన్నిబట్టి. స్వతంత్ర భారత నాణేలు, మామూలు చిల్లర ఎక్కువగా ఉంటే నాలుగైదేళ్లకోసారి మారిస్తే చాలు. వాటి ధరలు అంత త్వరగా కదలవు. కొత్త స్మారక నాణేల జాబితా కావాలనుకుంటేనే ముందుగా మార్చాలి. బ్రిటిషు వెండి ఎక్కువగా ఉంటే పుస్తకాన్ని గుర్తుపట్టడానికి ఉంచుకుని, ధరకు రోజు పత్రికనే నమ్ముకోవాలి. నిజంగా అరుదైనది ఒకటి ఉందని అనుమానం వస్తే ఏ సంవత్సరపు పుస్తకమూ పనికిరాదు. ముంబయి, అహ్మదాబాద్, బెంగళూరుల్లోని నాణేల వేలం సంస్థలు పాట ఎంతకు ఆగిందో ప్రకటిస్తాయి. అదే రకం, అదే స్థితిలో ఉన్నవి ఈమధ్య రెండు మూడు పాటల్లో ఎంత పలికాయో చూడటం తప్ప దగ్గరి దారి లేదు. కొన్నవాళ్లు ఆ ధరమీద కమిషన్ కూడా కడతారని గుర్తుంచుకోవాలి.

డబ్బు ఉంటే ఏటా ఒక ధరల పుస్తకం కొనే బదులు ఒకసారి మంచి భూతద్దం, పదో వంతు గ్రాము వరకు తూచే త్రాసు కొనమని నా సలహా. 1862 అని ఉన్న విక్టోరియా రూపాయినే తీసుకోండి. అదే సంవత్సరం వేసి 1874 వరకు కొట్టారు, సంవత్సరం దగ్గర పెట్టిన చిన్న చిన్న చుక్కల్లో తేడాలున్నాయి. ఆ చుక్కలు లెక్కపెట్టగలిగినవాడికి పదేళ్ల పాత పుస్తకం చాలు. లెక్కపెట్టలేనివాడికి ఈ ఏటి పుస్తకమూ దండగే.

అపోహ: కొత్త పుస్తకం వచ్చాక పాతదాన్ని తూకానికి వేసేయొచ్చు.

వాస్తవం: వద్దు. పేజీలు పెరిగిపోతున్నాయని కొత్త ఎడిషన్లలో కొన్ని రకాల్ని, బొమ్మల్ని తీసేస్తుంటారు. పాతదాంట్లో ఉన్న వివరం కొత్తదాంట్లో లేకపోవచ్చు. పైగా పదేళ్ల తేడా ఉన్న రెండు పుస్తకాలు పక్కపక్కన పెడితే ఏ నాణెం ధర నిజంగా కదిలిందో, ఏది వెండి ధరతోపాటు తేలిందో, ఏది ఉన్నచోటే ఉందో తెలిసిపోతుంది. మీ కళ్లెదుట జరిగిన అమ్మకం ఏదైనా ఉంటే, ఆ నాణెం పక్కన మార్జిన్‌లో పెన్సిలుతో తేదీ, ఊరు, స్థితి, పలికిన ధర రాసుకోండి. పెన్సిలే వాడండి. పెన్ను సిరా ఉప్పుగాలి తేమకు పక్క పేజీలోకి దిగుతుంది.